కంపోజింగు గదిలోంచి రష్యా: కొన్ని పత్రికా జ్ఞాపకాల పుస్తకాలపై సమీక్ష

1905 సెప్టెంబరులో మాస్కోలోని సీతిన్ అచ్చుకూటం కంపోజిటర్లు సమ్మె కట్టారు. వారికి కూలి వెయ్యి అక్షరాలకు ఇంత అనే లెక్కన ముట్టేది. ఆ రేటు పెంచాలని, పని గంటలు తగ్గించాలని, కామాలను, ఫుల్‌స్టాపులను కూడా అక్షరాలతో పాటు లెక్కలో వేసుకోవాలని వారు అడిగారు. ఆ సమ్మె మిగిలిన అచ్చుకూటాలకు, అక్కడి నుంచి రైల్వేలకు పాకి, అక్టోబరుకల్లా దేశమంతటినీ స్తంభింపజేసి, పౌరహక్కులు ఇస్తున్నానని రష్యా చక్రవర్తి జారు చేత ప్రకటన చేయించేదాకా వెళ్లింది. విరామ చిహ్నాల దగ్గర మొదలై నిరంకుశత్వాన్ని కూల్చిన సమ్మె అని విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ దీన్ని తన ‘1905’లో వర్ణించాడు. జారు ఆ తర్వాత కూడా పదకొండేళ్లకు పైగా సింహాసనం మీదే ఉన్నాడు కనుక కూల్చడం అన్న మాటలో అతిశయోక్తి ఉంది గానీ, కామాల మాట మాత్రం నిజం. ఇదే పేచీ సీసపు అక్షరాల కాలంలో తెలుగు ప్రెస్సులో వచ్చి ఉంటే వత్తును అక్షరం కింద లెక్కించాలా వద్దా అనే దగ్గరే సంప్రదింపులు తెల్లవారేవని, చాలా ఏళ్లు డెస్కులో పనిచేసిన నాకు అనిపిస్తుంది.

రష్యా పత్రికలు అల్లకల్లోలమైన రోజుల్లో ఎలా నడిచాయో తెలుసుకుందామని గత రెండేళ్లలో కొన్ని జ్ఞాపకాల పుస్తకాలు తెప్పించుకుని చదివాను. కొన్నిటిని ఇంగ్లీషులోను, కొన్నిటిని నిఘంటువు పక్కన పెట్టుకుని నాకు వచ్చిన కొద్దిపాటి రష్యన్‌లోను చదివాను. పత్రికల చరిత్ర చెప్పే పరిశోధన గ్రంథాలకు కొదవ లేకపోయినా, వాటిలో దొరకనిది ఈ జ్ఞాపకాలలో దొరుకుతుంది. వార్త ఎవరు తెచ్చారు, దానికి పంక్తికి ఎంత ఇచ్చారు, ప్రూఫు ఎవరి బల్ల మీద ఆగింది, యజమాని ఎవరికి భయపడ్డాడు, ఎవరికి భయపడలేదు అన్న సంగతులు అవి. అయితే ఈ పుస్తకాలన్నిటికీ ఒకే కొలత పెట్టలేము. ప్రతి పుస్తకాన్నీ అది చెప్పే కాలంతో పాటు, అది ఏ ఊళ్లో, ఏ ప్రభుత్వం కింద, ఎన్నేళ్ల తర్వాత రాసిందో కూడా పక్కన వేసుకుని చదవాలి. అలా చదివినప్పుడు రచయిత ఎక్కడ గొంతు తగ్గించాడో వినిపిస్తుంది, నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచిన చోట్లు అవే.

మొదట వ్లదీమిర్ గిల్యరోవ్‌స్కీ రాసిన ‘మస్క్వా గజేత్నయా’ను, అంటే ‘పత్రికల మాస్కో’ను తీసుకుంటాను. ఓల్గా నది మీద పడవలు లాగి, సర్కసులో చేరి, 1877 నాటి టర్కీ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, ఆ తర్వాత విలేకరి అయిన మనిషి ఇతను. రిపోర్టర్ల రాజు అని మాస్కో పిలుచుకుంది. తన కథలో తానే నాయకుడిగా ఉండటం ఆయనకు ఇష్టం. గోరంతను కొండంత చేస్తున్నాడేమోనన్న అనుమానం పాఠకుడికి తరచుగా కలుగుతుంది, కానీ పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. 1882 జూన్ చివర తూలా ప్రాంతంలోని కుకూయెవ్‌కా పల్లె దగ్గర కుండపోత వానకు రైలు కట్ట కొట్టుకుపోయి, పెట్టెలు బురదలో కూరుకుపోయాయి. సంఘటన స్థలానికి అధికారులు తప్ప ఎవరూ వెళ్లకుండా కట్టడి చేస్తే, ఆ అధికారుల ప్రత్యేక రైలులోనే మరుగుదొడ్డిలో దాక్కుని గిల్యరోవ్‌స్కీ అక్కడికి చేరాడు. శవాలను తవ్వి తీస్తున్నన్ని రోజులూ, దాదాపు రెండు వారాలు అక్కడే ఉండి వార్తలు పంపాడు. ఆ వాసన తనను చాలాకాలం వెంటాడిందని రాసుకున్నాడు. ఆ వార్తలు అచ్చయిన ‘మస్కోవ్‌స్కీ లిస్తోక్’ అమ్మకాలు అమాంతం పెరిగాయి.

ఈ పుస్తకంలో నాకు అందరికన్నా నచ్చిన పాత్ర ఆ లిస్తోక్ యజమాని నికొలాయ్ పస్తుఖోవ్. అంతకుముందు సారాకొట్టు నడిపిన వాడు, అక్షర జ్ఞానం అంతంతమాత్రం. దుకాణదారులు, బండివాళ్లు, ఇళ్ల కాపలాదారులు చదివే పత్రికను 1881లో పెట్టి, అందులో చూర్కిన్ అనే బందిపోటు కథను తానే ధారావాహికగా రాసి, ఆపమని పై నుంచి ఆదేశం వచ్చాక ఆ బందిపోటును చంపేసి కథ ముగించాడు. ప్రొఫెసర్ల పత్రికగా పేరుపడ్డ ‘రూస్కియె వేదమస్తి’ వాళ్లు ఇతణ్ని చూసి ముక్కు విరిచేవారు. అలాంటి పస్తుఖోవ్‌ను, అరెహోవొ జూయెవొలోని మరోజోవ్ మిల్లులో కార్మికులు కాలిపోయిన అగ్నిప్రమాదంపై రాసిన వార్త గురించి గవర్నర్ జనరల్ పిలిపించి, రాసిన విలేకరి పేరు చెప్పమని నిలదీశాడు. పత్రిక మూసేస్తానన్నా పస్తుఖోవ్ పేరు బయటపెట్టలేదు. నీతులు రాసే పత్రికలు ఎన్ని చదివినా, తన విలేకరి పేరు పెదవి దాటనివ్వని ఈ అర్ధ అక్షరాస్యుడి ముందు అవి చిన్నబోతాయి. ఆ వార్తకు గిల్యరోవ్‌స్కీకి ముట్టింది పంక్తుల లెక్కే. మన జిల్లాల్లో లైన్ అకౌంటు కోసం నెలాఖరు దాకా ఎదురుచూసిన కంట్రిబ్యూటర్లకు ఈ అధ్యాయాలు వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతాయి.

ఖొడింకా అధ్యాయం గురించి కూడా చెప్పాలి. 1896 మే 18న రెండో నికొలాయ్ పట్టాభిషేక సందర్భంగా జనానికి ఎనామిల్ కప్పు, తినుబండారాలు పంచుతామని ప్రకటిస్తే, ఆ మైదానంలో జరిగిన తొక్కిసలాటలో అధికారిక లెక్క ప్రకారమే 1,389 మంది చనిపోయారు. విలేకరుల్లో గుంపు మధ్య ఉన్నవాడు గిల్యరోవ్‌స్కీ. తనను ఒక పొడుం డబ్బీ కాపాడిందంటాడు. ఆ డబ్బీ గొడవలో పడి జనం నడిమి నుంచి బయటికి తోసుకురావడం వల్లే బతికాడట. నిజమో, చెప్పగా చెప్పగా నునుపెక్కిన కథో గానీ, ఆ తర్వాత ఆయన రాసిన వృత్తాంతం మే 20న ‘రూస్కియె వేదమస్తి’లో రావడం మాత్రం రికార్డు. దాన్ని అచ్చువేయడం ఎంత తెగింపో తెలియాలంటే అప్పటి నిబంధనలు కొంచెం తెలియాలి. 1865 నాటి తాత్కాలిక నియమాల ప్రకారం పీటర్స్‌బర్గ్, మాస్కో పత్రికలకు ముందస్తు సెన్సారు తప్పినా, మూడు హెచ్చరికలు పడితే పత్రికను కొన్ని నెలలు ఆపేయవచ్చు. ఆ తర్వాత ఫలానా విషయం ఊసెత్తవద్దని ఆజ్ఞాపించే అధికారం హోంమంత్రికి వచ్చింది. వీధుల్లో విడి ప్రతుల అమ్మకాన్ని నిషేధించడం మరో ఆయుధం, పత్రికకు జీతాలు ఇవ్వకుండా చేయడానికి అది చాలు. తాత్కాలికం అని పేరు పెట్టిన నియమాలు నలభై ఏళ్లు నడిచాయి. గిల్యరోవ్‌స్కీ సొంత పుస్తకం ‘మురికివాడల మనుషులు’ 1887లో అచ్చయ్యి, అంగడికి వెళ్లకుండానే పోలీసు ఠాణాలో కాలి బూడిదైంది.

లోపం కూడా చెప్పాలి. ఈ పుస్తకాన్ని గిల్యరోవ్‌స్కీ తన చివరి రోజుల్లో, సోవియట్ మాస్కోలో రాశాడు. 1935లో ఆయన పోయాక చాలా ఏళ్లకు, 1960లో అది వెలువడింది. జారు కాలపు సెన్సారు మీద ఎన్ని కథలైనా చెప్పే ఈ మాటకారి, తాను పనిచేసిన పత్రికలు 1918లో ఒక్కొక్కటిగా ఎలా మూతపడ్డాయన్న దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపడు. ‘రూస్కియె వేదమస్తి’ 1863 నుంచి నడిచి, ఎందరో మంత్రులను తట్టుకుని, చివరికి ఆ ఏడాదే ఆగిపోయింది. అంతటి విలేకరికి ఆ వార్త తెలియక కాదు. నేను ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి తెప్పించుకున్న ప్రతి స్కాన్ చేసి అచ్చువేసింది. మధ్యలో పదహారు పేజీలు లేవు, ఉన్నవాటిలో కొన్ని వంకరగా పడ్డాయి. డబ్బు తిరిగి ఇచ్చారు గానీ పేజీలు ఇవ్వలేదు. కొనేవారు పాత సోవియట్ ముద్రణనే వెతుక్కోవడం మంచిది.

రెండో పుస్తకం ఇవాన్ సీతిన్ రాసిన ‘జీవితం పుస్తకానికే’. కామాల సమ్మె జరిగింది ఈయన అచ్చుకూటంలోనే. కస్త్రమా ప్రాంతపు పల్లెటూరి గుమాస్తా కొడుకు, 1866లో పదిహేనేళ్ల వయసులో మాస్కోలోని ఒక పుస్తకాల దుకాణంలో పనికి కుదిరాడు. ఊరూరా గంపలు మోసుకుని తిరిగే చిల్లర వర్తకులకు రంగుల బొమ్మల కాగితాలు, పంచాంగాలు, చవక కథల పుస్తకాలు అమ్మడం దగ్గర మొదలుపెట్టి, రష్యాలో అతిపెద్ద ప్రచురణకర్తగా ఎదిగాడు. ఆయన మొదటి పెద్ద లాభం కూడా పత్రికల పుణ్యమే. 1877లో టర్కీతో యుద్ధం ప్రకటించిన వెంటనే యుద్ధరంగపు పటాన్ని హడావుడిగా గీయించి, ‘పత్రికా పాఠకుల కోసం’ అని దాని మీద అచ్చువేసి, అందరికన్నా ముందు అంగట్లో పెట్టాడు. వార్త చదివే అలవాటు కొత్తగా పట్టుబడుతున్న జనానికి ప్లెవ్నా ఎక్కడుందో చూపించే కాగితం కావాలన్న సంగతి పండితులకన్నా ముందు ఈ బొమ్మల వర్తకుడికి తట్టింది. ఈ పేజీలు చదువుతున్నప్పుడు తిరునాళ్లలో చాప మీద పాటల పుస్తకాలు పరిచి అమ్మే మన వ్యాపారులు గుర్తుకొస్తారు. పాఠకుడి నాడి వారికి తెలిసినంతగా సంపాదకుడికి తెలియడం అరుదు.

పత్రిక పెట్టమని తనను పదే పదే పోరింది రచయిత చెహోవ్ అని సీతిన్ చెబుతాడు. 1897లో ‘రూస్కొయె స్లోవొ’ అనే, చదివేవారు లేని రాజభక్తి పత్రికను కొన్నాడు. తర్వాత కొన్నేళ్లకు వ్లాస్ దొరొషేవిచ్‌ను తెచ్చి పగ్గాలు అప్పగించాడు. దొరొషేవిచ్ పొట్టి వాక్యాలు, ఊరూరా పెట్టుకున్న విలేకరులు, నీళ్లలా ఖర్చుపెట్టిన టెలిగ్రాం డబ్బు కలిసి ఆ పత్రికను 1917 నాటికి రోజుకు పది లక్షల ప్రతులు దాటించాయి. యజమానికి, సంపాదకుడికి మధ్య నడిచిన వ్యవహారం, మత వ్యవహారాల సంస్థ పెద్ద పొబెదొనోస్త్‌సెవ్ గడప తొక్కి బతిమాలుకోవడం వంటి భాగాలు ఈ పుస్తకానికి ప్రాణం. వ్యాపారి గనుక సీతిన్ ఎవరినీ పూర్తిగా తిట్టడు, ఎవరినీ పూర్తిగా నమ్మడు.

1905 డిసెంబరు తిరుగుబాటులో ప్యత్‌నీత్స్‌కయా వీధిలోని ఆయన అచ్చుకూటం కాలిపోయింది. 1917 చివర లెనిన్ పార్టీ అయిన బోల్షెవిక్కులు ‘రూస్కొయె స్లోవొ’ను మూసి, దాని యంత్రాలను, భవనాన్ని తమ పత్రికలకు వాడుకున్నారు. ఈ రెండో నష్టం గురించి సీతిన్ మాటలు అతి మర్యాదగా ఉంటాయి. ఆయన ఈ పుస్తకాన్ని 1920లలో రాశాడు, 1928లో సోవియట్ ప్రభుత్వం నుంచి వ్యక్తిగత పింఛను పొందాడు, 1934లో మరణించాడు, పుస్తకం వెలుగు చూసింది 1960లో. సర్వస్వం పోగొట్టుకున్న మనిషి, పోగొట్టిన వారి నగరంలోనే కూర్చుని రాసేటప్పుడు అంతకన్నా ఏమి రాయగలడు? చార్లెస్ రూడ్ సంపాదకత్వంలో 2012లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం చదవదగ్గది. పిట్టకథ ఒకటి: త్వెర్‌స్కయా వీధిలో సీతిన్ కట్టించిన పత్రికా కార్యాలయం నేటికీ ఉంది గానీ ఉన్నచోట లేదు. ‘ఇజ్వేస్తియా’ కొత్త భవనానికి చోటు చాలక 1979లో ఆ నాలుగంతస్తుల కట్టడాన్ని అమాంతం ఎత్తి 33 మీటర్లు పక్కకు జరిపారు.

సువోరిన్ డైరీని కూడా ఈ వరుసలో కలిపి చదివాను గానీ దాని గురించి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే అది ప్రచురించాలని రాసింది కాదు. ‘నోవొయె వ్రేమ్య’ పత్రికను 1876 నుంచి నడిపిన సువోరిన్ ప్రభుత్వానికి బాకా ఊదేవాడని పేరుపడ్డాడు. ఆయన 1912లో చనిపోయాడు, డైరీ 1923లో అచ్చయింది. మనకు ఇద్దరు జార్లు ఉన్నారు, ఒకరు రెండో నికొలాయ్, మరొకరు టాల్‌స్టాయ్, మొదటివాడు రెండోవాడిని ఏమీ చేయలేడు గానీ రెండోవాడు మొదటివాడి సింహాసనాన్ని కదిలిస్తున్నాడు అని 1901లో ఆ డైరీలోనే రాసుకున్నాడు. పత్రికలో అలాంటి వాక్యం ఆయన చచ్చినా వేయడు. 1880 ఫిబ్రవరిలో దోస్తోయెవ్‌స్కీ ఇంట్లో నడిచిన ఒక సంభాషణ అంతకన్నా భయం పుట్టిస్తుంది. వీధిలో ఒక దుకాణం ముందు నిలబడి, జారు నివాసమైన శీతకాల సౌధం కాసేపట్లో పేలిపోతుందని ఇద్దరు చెప్పుకోవడం మన చెవిన పడితే వెళ్లి పోలీసులకు చెబుతామా అని దోస్తోయెవ్‌స్కీ అడుగుతాడు. చెప్పనని సువోరిన్, నేనూ చెప్పనని దోస్తోయెవ్‌స్కీ. ఇద్దరూ రాజభక్తులే, అయినా చారుడన్న ముద్ర పడుతుందన్న జంకు ఆ భక్తిని మించిపోయింది. ఒక దేశంలో పత్రికలకు, ప్రభుత్వానికి మధ్య నమ్మకం ఎంత చచ్చిపోయిందో చెప్పడానికి ఈ ఒక్క పేజీ చాలు.

టెఫీ దగ్గరికి వచ్చేసరికి గొంతు మారుతుంది. హాస్య రచయిత్రిగా ఆమెకు ఎంత పేరుండేదంటే మిఠాయిలకు కూడా ఆమె పేరు పెట్టారు. 1905 అక్టోబరు చివర పీటర్స్‌బర్గ్‌లో మొదలైన ‘నోవయా జిజ్న్’ పత్రిక గురించి ఆమె దశాబ్దాల తర్వాత పారిస్‌లో రాసిన వ్యాసం, పొంతన లేని కాపురానికి మంచి ఉదాహరణ. ప్రచురణ అనుమతి మీన్‌స్కీ అనే కవి పేరున ఉంది, మధ్యవర్తి గోర్కీ, పెత్తనం బోల్షెవిక్కులది. ఒక గదిలో కవులు, పక్క గదిలో విప్లవకారులు. లెనిన్ వచ్చాక సంగీతం, నాటకం వంటి శీర్షికలు ఇప్పుడు అనవసరమని తేల్చేశాడని, సాహిత్య విభాగం వాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారని టెఫీ చెబుతుంది. 28 సంచికలతో, పీటర్స్‌బర్గ్ సోవియట్ (కార్మిక ప్రతినిధుల మండలి) విడుదల చేసిన ఆర్థిక ప్రకటనను అచ్చువేసినందుకు, డిసెంబరులో ఆ పత్రిక మూతపడింది. ఇన్నేళ్ల తర్వాత, ప్రవాసుల కోసం రాసింది కనుక లెనిన్ నోట ఆమె పెట్టిన మాటలను అక్షరం అక్షరం నమ్మనక్కర లేదు. ఆ గదుల వాతావరణాన్ని మాత్రం నేను నమ్ముతాను.

ఆమె అసలు పుస్తకం ‘జ్ఞాపకాలు’, 1918 శరదృతువు నుంచి కీవ్, ఒడెస్సా, నొవొరొసీస్క్ మీదుగా దేశం వదిలిపోయిన ప్రయాణం. తన పీటర్స్‌బర్గ్ జీవితం రద్దయిందని, ‘రూస్కొయె స్లోవొ’ మూతపడిందని, ముందు దారేమీ లేదని మొదటి పేజీలోనే చెబుతుంది. సీతిన్ మర్యాదగా దాటవేసిన సంగతి ఆమె పుస్తకానికి ఆరంభ వాక్యాలైంది. పత్రిక పోయిన రచయితకు ఏమి మిగులుతుందో ఇక్కడ చూడాలి. మెల్లకన్ను ఉన్న ఒడెస్సా ప్రదర్శనల కాంట్రాక్టరు ఒకడు, ఊరూరా సభల్లో చదివితే డబ్బులొస్తాయని ఆమెను బయలుదేరదీస్తాడు. కీవ్ చేరేసరికి మాస్కో, పీటర్స్‌బర్గ్ పత్రికల వాళ్లందరూ అక్కడే తేలి, కొత్త పత్రికలు పెట్టాలని పథకాలు వేస్తుంటారు. నవ్విస్తూనే ఉంటుంది గానీ, నవ్వు ఆగిన చోట చలి తెలుస్తుంది. ఈ వరుసలో ఒకే ఒక్క పుస్తకం కొనగలిగిన వారికి నేను దీన్నే సూచిస్తాను; 2016లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం హాయిగా సాగుతుంది.

సోషలిస్టు పాత్రికేయుడు నికొలాయ్ సుఖనోవ్ రాసిన ‘విప్లవ స్మృతులు’ అలా హాయిగా సాగదు. రష్యన్‌లో 1922, 1923లలో ఏడు సంపుటాలుగా వచ్చిన దాన్ని జోయెల్ కార్మైకేల్ 1955లో కుదించి ఇంగ్లీషు చేశాడు. కుదించినది కూడా బరువే. వాదోపవాదాల తీర్మానాలు, కమిటీల సమావేశాలు చదివి చదివి అలసట వస్తుంది. కానీ దీని ఆరంభం వంటి ఆరంభం ఏ జ్ఞాపకాల పుస్తకానికీ నేను చూడలేదు. 1917 ఫిబ్రవరి 21న సుఖనోవ్ వ్యవసాయ మంత్రిత్వ శాఖలో, తుర్కిస్తాన్ సాగునీటి విభాగంలో తన బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. రాజధానిలో ఉండరాదని బహిష్కరణ ఉత్తర్వు ఉన్న మనిషి, ప్రభుత్వ కార్యాలయంలోనే తన అసలు ఇంటిపేరుతో ఉద్యోగం చేస్తున్నాడు. అడ్డుగోడ అవతల ఇద్దరు టైపిస్టు అమ్మాయిలు రొట్టె దొరకడం లేదని, క్యూలలో గొడవలని చెప్పుకుంటూ, ఇది విప్లవానికి మొదలనుకుంటాను అని ఒకామె అంటుంది. వీళ్లకేం తెలుసు అనుకున్నానని సుఖనోవ్ ఒప్పుకుంటాడు. మరో పది రోజులకు జారు లేడు.

గోర్కీతో కలిసి ఆయన నడిపిన పత్రిక పేరు కూడా ‘నోవయా జిజ్న్’. 1905 నాటి పేరునే తీసుకుని 1917 వసంతంలో మొదలై, ఈసారి బోల్షెవిక్కులను విమర్శించింది. ఆ అక్టోబరు 10 రాత్రి బోల్షెవిక్ కేంద్ర కమిటీ సాయుధ తిరుగుబాటుకు తీర్మానం చేసింది. సమావేశం జరిగింది కర్పోవ్‌కా నది ఒడ్డున ఉన్న సుఖనోవ్ ఇంట్లోనే. ఆయన భార్య గలీనా బోల్షెవిక్. పని ముగిశాక అంత దూరం రావడం ఎందుకు, ఆఫీసు దగ్గరే పడుకోండి అని ఆమె ఆ రోజు ఎంతో శ్రద్ధగా సలహా ఇచ్చింది, ఆయన విన్నాడు. లెనిన్ గడ్డం గీయించుకుని విగ్గు పెట్టుకుని వచ్చాడని, జినోవ్యెవ్ గడ్డం పెంచి తల జుట్టు తీయించుకుని వచ్చాడని తర్వాత తెలుసుకుని రాశాడు. శతాబ్దంలోకెల్లా పెద్ద వార్త తన భోజనాల బల్ల దగ్గర పుడుతుంటే, చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ సంపాదకుడు మరునాటి సంచిక దిద్దుకుంటూ ఆఫీసులో ఉండిపోయాడు. ఎనిమిది రోజుల తర్వాత, తిరుగుబాటును వ్యతిరేకిస్తూ బోల్షెవిక్ నాయకుడు కమేనెవ్ చేసిన ప్రకటన ఆయన పత్రికలోనే అచ్చయి గుట్టు రట్టయింది. ఇల్లు ఇవ్వలేని వార్తను అచ్చుకూటం ఇచ్చింది. ఈ ఉదంతాన్ని సుఖనోవ్ కోపం లేకుండా, చరిత్ర తనతో ఆడిన హాస్యంగా చెబుతాడు, అందుకే నేను అతన్ని నమ్ముతాను.

బోల్షెవిక్కులకు అధికారం చేతికొచ్చిన రెండో రోజునే, అక్టోబరు 27న, వ్యతిరేక పత్రికలను మూయడానికి వీలు కల్పించే ఆజ్ఞ వెలువడింది. ఇది తాత్కాలికమని, కొత్త వ్యవస్థ కుదురుకోగానే ఆంక్షలు ఎత్తేస్తామని అందులోనే రాశారు. 1865 నాటి నియమాల్లోనూ ఇదే మాట ఉందని పాఠకుడికి గుర్తుండే ఉంటుంది. ‘నోవయా జిజ్న్’ను 1918 జులైలో మూసేశారు. సుఖనోవ్ సంపుటాలు సోవియట్ కాలపు మొదటి ఏళ్లలో వచ్చాయి గనుకనే ఇంత నిర్మొహమాటంగా ఉన్నాయి. లెనిన్ తన చివరి వ్యాసాల్లో ఒకదాన్ని వీటికి జవాబుగానే రాశాడు. పదేళ్లు ఆలస్యమైతే ఈ పుస్తకం ఉండేది కాదు. రచయితను 1931లో విచారణకు నిలబెట్టారు, 1940లో కాల్చి చంపారు.

ఆ తర్వాతి కాలానికి నేను ఎంచుకున్నది సోల్జెనిత్సిన్ 1975లో ప్రచురించిన ‘దూడ, సింధూర వృక్షం’. వార్తాపత్రిక సంగతి కాకపోయినా, ‘నోవీ మీర్’ మాసపత్రిక కార్యాలయాన్ని లోపలి నుంచి చూపిస్తుంది. మార్జిన్లు లేకుండా, కాగితానికి రెండువైపులా, వరుసల మధ్య ఖాళీ లేకుండా టైపు చేసిన సోల్జెనిత్సిన్ శ్రమశిబిర ఖైదీ కథ చేతికొచ్చినప్పుడు అన్నా బెర్జెర్ అనే సంపాదకురాలు చేసిన పని నాలాంటి డెస్కు మనుషులు గమనించవలసింది. ముందు దాన్ని శుభ్రంగా మళ్లీ టైపు చేయించింది. మధ్యలో ఉన్న పెద్దల చేతిలో పడనివ్వకుండా, ఒక రైతు కళ్లతో చూసిన శిబిరం అన్న ఒక్క మాటతో, రైతు బిడ్డ అయిన ప్రధాన సంపాదకుడు త్వర్దోవ్‌స్కీకే నేరుగా అందించింది. ఆయన రాత్రి పక్క మీద చదవడం మొదలుపెట్టి, ఇది పడుకుని చదవవలసింది కాదని లేచి బట్టలు వేసుకుని కూర్చుని చదివాడు. కథ 1962 నవంబరు సంచికలో, సోవియట్ అధినేత క్రుశ్చేవ్ అనుమతితో వచ్చింది. ఇదే పుస్తకంలో త్వర్దోవ్‌స్కీ తాగుడు, బెదురు, పార్టీ విధేయత కూడా కనికరం లేకుండా బయటపడతాయి. జవాబు చెప్పుకోవడానికి ఆయన అప్పటికి బతికి లేడు. ఆయన సహచరుడు వ్లదీమిర్ లక్షిన్ ఆ పని చేశాడు. రోజూ సెన్సారుతో బేరమాడి సంచికను బయటికి తెచ్చేవాడి కష్టం, రాతప్రతిని దాచుకుని పోరాడే ఒంటరి రచయితకు ఎన్నటికీ అర్థం కాదన్నట్టుంటుంది లక్షిన్ వాదన. నేను లక్షిన్ పక్షమే. అయితే సోల్జెనిత్సిన్ పుస్తకమే ఎక్కువ కాలం గుర్తుంటుంది. రెండూ కలిపి కొనాలి.

చివరిది, ఎలేనా కొస్త్యుచెంకో రాసిన ‘ఐ లవ్ రష్యా’, 2023 నాటిది. 1993లో మొదలైన ‘నోవయా గజేతా’లో ఆమె పదిహేడేళ్లకే చేరింది. సొంత జీవితపు అధ్యాయం ఒకటి, ఆ పత్రికకు రాసిన సుదీర్ఘ కథనం ఒకటి చొప్పున పుస్తకం నడుస్తుంది. కథనాల్లో మానసిక రోగుల ఆశ్రమం మీద రాసినది చదివాక నేను రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. ఆ పత్రిక సమావేశాల గదిలో చంపబడిన సహచరుల ఫొటోలు గోడకు వేలాడుతుంటాయి. 2006 అక్టోబరు 7న హత్యకు గురైన అన్నా పొలిత్కోవ్‌స్కయా వాళ్లలో ఒకరు. 2022 మార్చి 28న పత్రిక ప్రచురణ ఆపుకుంది. అంతకుముందు చూసిన పుస్తకాలన్నీ ఏళ్లు గడిచాక రాసినవి. ఇది గాయం పచ్చిగా ఉండగానే రాసింది, అందువల్ల కొన్ని చోట్ల వాక్యాలు తొందరపడతాయి. యరస్లావ్‌ల్‌లో, టీవీ ఎప్పుడూ మోగుతుండే ఇంట్లో పెరిగిన పద్నాలుగేళ్ల పిల్ల, పొలిత్కోవ్‌స్కయా చెచెన్యా కథనం ఒకటి కంటపడి, తనకు టీవీ చెప్పినది ఏదీ నిజం కాదేమోనని నివ్వెరపోయి, గ్రంథాలయానికి వెళ్లి ఆ పత్రిక పాత సంచికల ఫైలు అడిగి తీసుకుని కూర్చున్న ఘట్టం నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది. ఆమె తల్లి మాత్రం ఆ టీవీనే నమ్ముతూ ఉండిపోయింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక తల్లీకూతుళ్లు మాట్లాడుకునే పేజీలు సంపాదకీయాలకు అందని సంగతులు చెబుతాయి.

గోర్కీ ‘అమ్మ’ను తెలుగులో చదివి పెరిగిన మన పాఠకులకు ఈ పుస్తకాల్లోని ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు కొత్తగా తోచవు. ఎవరైనా గిల్యరోవ్‌స్కీని తెలుగు చేయదలచుకుంటే మాత్రం త్వరపడాలని కోరతాను. కంపోజింగు స్టిక్కు, గాలీ, అక్షరాల కేసు, తడి కాగితం మీద లాగే ప్రూఫు వంటి మాటలు పుస్తకం నిండా ఉన్నాయి. వాటిని నిఘంటువు చూడకుండా చెప్పగల పాత కంపోజిటర్లు విజయవాడలో ఒకరిద్దరు నాకు తెలుసు, ఇద్దరికీ ఎనభై దాటాయి.